మూడో గ్లాసులో ఏ తప్పూ లేదు

“ఆఫీసుకు పోయి మందు తాగుతవంట గదా” అని ఒక పెళ్లి భోజనాల దగ్గర మా మేనత్త బంతి మొత్తానికి వినబడేలా అడిగింది. “తాగనత్తా, నోట్లో పోసుకొని ఉమ్మేస్త. ఉమ్మినందుకే జీతం” అన్నాను. ఆ తర్వాత ఆవిడ నా పక్కన కూర్చోలేదు.

రుచి చూసే ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. అక్కా, నాలుకను ఎట్లా కాపాడుకోవాలి, ముక్కుకు ఏం ట్రైనింగ్ ఇవ్వాలి అని. నాకింకా ముప్పై నిండలేదు. రిటైరైన పెద్దమనిషిలా జ్ఞాపకాలు రాస్తున్నందుకు నాకే నవ్వొస్తోంది. కానీ విస్కీ ఫ్యాక్టరీ వదిలేశాను, ఇప్పుడు కాఫీ రుచి చూసే కంపెనీలో ఉన్నాను, కాబట్టి విస్కీ వరకూ రిటైరైనట్టే లెక్క. ఒక్కొక్కరికీ జవాబు టైప్ చేసే ఓపిక నాకు లేదు. అందుకని ఒక రోజు గురించి చెబుతాను. మీరు అడిగేవాటికి జవాబు అందులోనే ఉంది.

మేడ్చల్ దాటాక ఉన్న ఫ్యాక్టరీ మాది. విస్కీ కలిపి, వడకట్టి, సీసాల్లో నింపేవాళ్లం. గాజులరామారం నుంచి స్కూటీ మీద వెళ్లేదాన్ని. సీసాలు నింపే హాలుకు ఆనుకొని ల్యాబ్, ల్యాబ్‌కు ఆనుకొని రుచి చూసే గది. ప్యానెల్‌లో ఐదుగురం. రోజూ పొద్దున టిఫిన్ అరిగి, ఆకలి ఇంకా మొదలుకాని వేళ కూర్చునేవాళ్లం. సెంటు వద్దు, మల్లెపూలు వద్దు, పచ్చి ఉల్లిపాయ వద్దు, ఆవకాయ అయితే సెలవురోజునే. ఫోన్లు గది బయట ట్రేలో పెట్టాలి. ఆ ట్రే దగ్గర నాకు రోజూ గొడవే.

“దానికి ముక్కు లేదమ్మాయ్, లోపలికొచ్చి ఏం చేస్తుంది?” అనేవారు మా చీఫ్ బ్లెండర్ సార్.

సార్‌ది కోస్తా. వయసులో ఉండగానే ఇటు వచ్చి, చివరికి తూంకుంట కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నారు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆయనే. ఇంటర్వ్యూలో రెండు గ్లాసులు ముందు పెట్టి ఏది బాగుందని అడిగారు. రెండూ బాలేవన్నాను. పక్కనున్న హెచ్చార్ ఆయన ముఖం మాడ్చుకున్నాడు. సార్ మాత్రం నవ్వి, “రెండూ రిజెక్ట్ అయిన సరుకే. ఈ మాట అన్నది నువ్వొక్కదానివే” అన్నారు. ఆ నోటికే ఉద్యోగం వచ్చింది. తర్వాత ఆ నోటితోనే ఆయన్ని ఎంత విసిగించానో లెక్కలేదు.

ప్యానెల్‌లో ఇంకో మనిషి గురించి చెప్పాలి. సీనియర్ కెమిస్టు, శామీర్‌పేట పక్క ఊరాయన. అందరం భాయ్ అనేవాళ్లం. ఆయన మందు ముట్టడు. వాసన చూసి మార్కులు వేస్తాడు, గ్లాసు పెదవికి తాకనివ్వడు. వాళ్లింట్లో అందరికీ ఆయన చేసే పనేమిటో తెలుసు, ఎవరూ దాని ఊసెత్తరు. “నువ్వు నోట్ల పోసుకొని ఉమ్ముతవ్. నేను పోసుకోకుండనే ఉమ్ముత. మనిద్దర్ల తెలివైనోడు ఎవరు బేటీ?” అని నన్ను ఏడిపించేవాడు.

పని పద్ధతి రెండు మాటల్లో చెబుతాను, అది తెలియకపోతే తర్వాతిది అర్థం కాదు. మా మార్కుల షీటు తప్పులు పట్టే షీటు. ప్రతి గ్లాసూ నిండు మార్కులతో మొదలవుతుంది. ఘాటెక్కువైతే కోత, చెక్క వాసన ఎక్కువైతే కోత, మబ్బుగా ఉంటే పెద్ద కోత. ఇక ఒక గ్లాసు నుంచి ఇంకో గ్లాసుకు వెళ్లే ముందు ముక్కును మళ్లీ సున్నాకు తేవాలి. దానికి సొంత వాసన కంటే మంచిది లేదు. మోచేయి మడతలో ముక్కు పెట్టి, తొడుక్కున్న కోటు చేతిని గట్టిగా ఒకసారి పీల్చాలి. ప్రపంచంలో ఎక్కడైనా రుచి చూసేవాళ్లు ఈ పని చేస్తారు. నేను కాఫీ దగ్గర ఇప్పటికీ చేస్తాను.

ఆ ఏడాది మా ఓనరుకు ఘాటు విస్కీ పిచ్చి పట్టింది. బర్బన్ అని అమెరికాలో మొక్కజొన్నతో చేస్తారు, లోపలంతా కాల్చిన కొత్త పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు. అందులోనూ నీళ్లు పెద్దగా కలపకుండా పీపాలో ఉన్న బలంతోనే సీసాకెక్కించినవి, అదీ చాలా పాతవి, నాలుగు సీసాలు ఒక బ్రోకరు ద్వారా కొన్నాడు. వాటిలో ఒకదాన్ని ఎంచుకొని, దానికి దీటైన విస్కీ మేడ్చల్‌లో తయారుచేసి దసరాకల్లా మార్కెట్లోకి దింపాలని ఆయన పట్టుదల.

సార్ ఆ నెలాఖరుకు రిటైర్ కావాలి. ఈ కొత్త విస్కీ పని మొదలైతే ఇంకో రెండేళ్లు ఉండమని ఓనరు మాటిచ్చాడు. సార్‌కు జీతం కోసం కాదు. ఒకరోజు టీ తాగుతూ నాతో అన్నారు:

“బ్లెండరు పనేంటో తెలుసా అమ్మాయ్? నిన్నటి రుచి ఇవాళ మళ్లీ రప్పించడం. ధాన్యం మారుద్ది, నీళ్లు మారతాయి, రుచి మారకూడదు. నా ఉద్యోగమంతా అదే చేశా. మొదట్నుంచీ చివరిదాకా నాదీ అని చెప్పుకునే విస్కీ ఒక్కటీ చెయ్యలేదు. ఇది చేసి పోతాను.”

అంత మెత్తగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. నేను ఫోన్ చూసుకున్నాను.

సీసాలు ఓనరు గెస్ట్‌హౌస్‌లో, శామీర్‌పేట చెరువుకు దగ్గర్లో ఉండేవి. తేవడానికి భాయ్, నేను కారులో వెళ్లాం. దారంతా ఆ సీసాల పేర్లు వెతికి, ఎవరెవరు ఏం రాశారో చదివి వినిపించాను. వెనీలా అట, కారమెల్ అట, తోలు అట. భాయ్ విని విని కారు పక్కకు ఆపించాడు. రోడ్డు పక్కన బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తున్నారు. ఒకటి కొని, నిమ్మకాయ రాయకుండా నా చేతిలో పెట్టాడు.

“తినకు. వాసన చూడు. గీ మాడిన గింజ ఉన్నది చూడు, దాని పక్కన పచ్చిగున్నది. రెండిటి నడుమ తియ్యగ ఒక వాసన వస్తాంది. దొరికిందా?”

“దొరికింది.”

“ఇగ ఫోన్ల చదివింది మొత్తం మర్చిపో. గిది యాదికి పెట్టుకో.”

నాలుగు సీసాలనూ నా చున్నీలో చుట్టి ఒళ్లో పెట్టుకొని తెచ్చాను. వాటిలో ఒకటి ఓనరుకు ప్రాణం. దాన్ని ఆయన ముందే మూత తీసి కాస్త రుచి చూశాడట. “గిసుంటిది మీరు జన్మల తాగలే” అన్నాడు మాతో.

మర్నాడు పొద్దున కూర్చున్నాం. ఏ గ్లాసు ఏ సీసాదో మాకు తెలియదు, ప్యానెల్‌లో లేని ఇంకో కెమిస్టు పక్క ల్యాబ్‌లో పోసి నంబర్లు అంటించాడు. అంత ఘాటున్న విస్కీని అట్లాగే వాసన చూస్తే ముక్కు మొద్దుబారిపోతుంది, అందుకని నీళ్లు కలిపి అన్నిటినీ ఒకే బలానికి దించుతాం. బలం కొలవాలంటే మా దగ్గరున్న పరికరానికి జాడీ నిండా సరుకు పోయాలి. ఒక్కో సీసాలోంచి అంత వంపడానికి ఓనరు ఒప్పుకోలేదు. లేబుల్ మీద రాసిన బలాన్నే నమ్మి నీళ్లు కలిపారు. ఓనరు కూడా గదిలో ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు.

మొదటి గ్లాసు మంచిదే. ఎండు ఖర్జూరం, కొంచెం లవంగం, చివర్లో గొంతు దగ్గర గీరినట్టు చేదు. చేదుకు కోత వేశాను.

రెండో గ్లాసు చూడగానే అందరం మొహాలు చూసుకున్నాం. నీళ్లు తగలగానే మబ్బు పట్టింది, బియ్యం కడిగిన నీళ్లలా. వాసన చూస్తే కాలిన చెక్క, బెల్లం పాకం మాడబోయే క్షణం, పాత చెక్కపెట్టె తెరిచినట్టు ఒక పొడి వాసన, వాటి వెనక నిన్నటి మక్క కంకి. నోట్లో పోసుకుంటే నాలుక మీద కూర్చొని దిగలేదు. ఉమ్మేశాక కూడా ఉంది. మబ్బుకు పెద్ద కోత, చెక్క ఎక్కువైనందుకు ఇంకో కోత.

కోటు చేతిలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చాను. మూడో గ్లాసు తీసుకున్నాను. శుభ్రంగా ఉంది. మెత్తగా ఉంది. ఎక్కడా గీరలేదు, ఎక్కడా అడ్డం పడలేదు. కోత వేయడానికి ఏమీ దొరకలేదు. నాలుగోది మొదటిదానికి తమ్ముడిలా ఉంది, కాస్త పలచన.

షీట్లు కలిపి చూశారు. ఐదుగురికీ మూడో గ్లాసే మొదటిది. రెండోది అందరికీ ఆఖరిది. కెమిస్టు మూడో గ్లాసు సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఓనరు ప్రాణమైన సీసా.

“నేను చెప్పలే?” ఓనరు కుర్చీలోంచి లేచాడు. “ఐదుగురికీ గదే నచ్చిందంటే ఇగ మాటేమున్నది. సార్, మీరు యాడికి పోతరు, ఉండుడే. గిట్లాంటిది మనం చేసేద్దాం.”

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సినంత మురికి వాటి మీద లేదు.

నాకు ఎక్కడో తేడా కొట్టింది. నాకు కోపం తెప్పించని మనిషి, వస్తువు, వాసన ఈ లోకంలో తక్కువ. మిగిలిన మూడు గ్లాసులూ నాతో ఒక్కోలా కొట్లాడాయి. ఇది మాత్రం రోజూ నా వెనకే తిరిగేదానిలా వచ్చి కూర్చుంది. మళ్లీ ఒకసారి చూద్దామని కోటు చెయ్యి పీల్చి, మూడో గ్లాసు పీల్చాను. మళ్లీ కోటు, మళ్లీ గ్లాసు. ముక్కు ఒక దాని నుంచి ఇంకోదానికి వెళ్తున్నట్టే లేదు. వెళ్లడానికి మధ్యలో దూరం లేదు.

మా కోట్లు సీసాలు నింపే హాలులో కొక్కేలకు వేలాడతాయి. రాత్రీ పగలూ అక్కడే. ఆ హాలంతా మా విస్కీ వాసనే. మా అమ్మ నా బట్టలు వేరే బకెట్‌లో నానబెట్టేది ఆ వాసనకే.

అప్పుడు నాకు నోరు మూసుకోవాలనిపించింది. నన్ను ఎరిగినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. సార్ కళ్లద్దాలు ఇంకా చేతిలోనే పట్టుకొని ఉన్నారు. మాట్లాడితే ఆయన విస్కీ పోతుంది. మాట్లాడకపోతే ఆయన రెండేళ్లు కష్టపడి, తాను రోజూ చేసేదాన్నే మళ్లీ చేస్తారు, అదే తన సొంతమని చెప్పుకుంటారు.

ఇంతలో భాయ్ తనలో తాను అన్నట్టు, “గా మూడోది వాసన చూడంగనే ఇంటికి పోయే ముందర చేతులు కడుక్కోవాలె అనిపించింది నాకు. ఎందుకో సమజ్ కాలే” అన్నాడు.

“ఎందుకంటే అది మనదే భాయ్” అన్నాను.

ఓనరు నా వైపు తిరిగాడు. “ఏమన్నవ్?”

“సార్, గా సీసాల ఉన్నది మన విస్కీ. ఖాళీ సీసా దొరకవట్టుకొని వైన్‌షాపుల కొన్న మన సరుకు నింపి మీకు అమ్మిండ్రు.”

“అమ్మాయ్.” చీఫ్ సార్ గొంతు పదునుగా ఉంది. “ఎవరి ముందు మాట్లాడుతున్నావో తెలుసా? నిన్న మొన్న వచ్చావు. ఐదుగురం కలిసి వేసిన మార్కులు అవి. అందులో నావీ ఉన్నాయి.”

“నావీ ఉన్నయి సార్. నేనూ తప్పు పట్టలే. ఎట్ల పడతం? మన సున్నా గదే.”

“సున్నా ఏంటి, పిచ్చి మాటలు?”

“కోటు ఇప్పండి సార్.”

“ఏంటీ?”

“కోటు ఇప్పండి. అందరం ఇప్పి బయటికి పోయి గాలి పీల్చుకొని వద్దాం. వచ్చినంక మూడు గ్లాసులు పెట్టమనండి. రెండిట్ల ఒకటే సరుకు, ఒకదాంట్ల వేరేది. ఆ వేరేది ఏదో మీరు పట్టండి. పడితే నేను ప్యానెల్ల కూసోను. కాగితం మీద సంతకం పెట్టి ఇస్త.”

ఇది నేను కనిపెట్టిన పరీక్ష కాదు. రెండు సరుకులకు తేడా ఉందో లేదో తేల్చడానికి అందరూ వాడేదే, సార్ నేర్పిందే. కానీ చీఫ్ బ్లెండరును అందులో కూర్చోమని ప్యానెల్‌లో చిన్నవాళ్లు అడగరు. ఓనరు ముఖం ఎర్రబడింది. నన్ను అక్కడికక్కడే పంపేసేవాడే. సార్ మాత్రం కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టారు.

గేటు బయట లారీలు తిరిగే రోడ్డు మీద ఐదుగురం కోట్లు లేకుండా నిలబడ్డాం. భాయ్, “బేటీ, నీది ముక్కు కాదు, మిరపకాయ” అన్నాడు. సార్ నవ్వలేదు.

లోపల కెమిస్టు మూడు గ్లాసులు సిద్ధం చేశాడు. లైను మీద నుంచి అప్పుడే తీసిన మా సీసాలోది ఒకటి, ఆ పాత సీసాలోది ఒకటి, రెండిట్లో ఏదో ఒకటి రెండోసారి. నీళ్లు అన్నిటికీ ఒకే కొలత. ఏది ఏదో అతనికే తెలుసు.

సార్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మొదటిది చూశారు, రెండోది, మూడోది. మళ్లీ మొదటికి వచ్చారు. చెయ్యి పైకెత్తి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు, అక్కడ కోటు లేదు, ఉతికిన చొక్కా ఉంది. దాన్ని పీల్చి మళ్లీ గ్లాసు అందుకున్నారు. ఈసారి నోట్లో పోసుకున్నారు. ఆయన ఉమ్మడం చూశాను కానీ ముఖంలో ఏమీ కనబడలేదు. మూడు గ్లాసుల్నీ ఒక వరసలో సర్దారు. ఏదో ఒక గ్లాసు చూపించి బయటపడొచ్చు. ఊహించి చెప్పినా మూడింట ఒక వంతు అవకాశం ఉంది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

“వేరేది లేదండి” అన్నారు ఓనరుతో. “మూడూ ఒక్కటే. మనదే.”

భాయ్ కూడా మూడూ వాసన చూసి గ్లాసులు వెనక్కి నెట్టేశాడు. కెమిస్టు పాత సీసా మూత చుట్టూ గోరు పెట్టి గీకి, బంక కొత్తదని అన్నాడు. ఇక ఆ మాటతో పని లేకపోయింది.

ఓనరు కాసేపు బ్రోకరును తిట్టాడు. ఫోన్ తీసి ఎవరికో చేశాడు, వాళ్లు ఎత్తలేదు. తర్వాత కూర్చున్నాడు. వ్యాపారం చేసేవాడి బుర్ర ఎక్కడా ఆగదు.

“ఒక్క మాట చెప్పుండ్రి” అన్నాడు నెమ్మదిగా. “పేర్లు తెల్వకుండ మీరు ఐదుగురు నాలుగు గ్లాసులు చూసిండ్రు. మనదే ఫస్ట్ వచ్చింది. అంటే మనది గెలిచినట్టే గదా? ఇగ కొత్తది చేసుడెందుకు? గదే పోద్దాం, సీసా మార్చి, పేరు మార్చి, ధర పెంచి. సార్, మీరు రెండేళ్లు ఉండుండ్రి. పని ఇంక అల్కగ అయితది.”

గదిలో అందరం సార్ వైపే చూశాం. నేను ఆయన అవుననాలనే కోరుకున్నాను. ఆయన ఉంటారు కదా అని.

“అది గెలవలేదండి” అన్నారు సార్. “మాకు అలవాటు. అంతే. తప్పులు పట్టమన్నారు, అలవాటైనదాంట్లో మాకు తప్పు కనపడలేదు.” రెండో గ్లాసు, ఆ మబ్బు పట్టినది, బల్ల మధ్యకు జరిపారు. “గెలవాల్సింది ఇది. చెక్కలోని నూనెలూ గింజలోని నూనెలూ దాంట్లో అట్లాగే ఉన్నాయి. చల్లనీళ్లు తగిలి తెల్లబడ్డాయి. మనమైతే వాటిని వడకట్టి పారేస్తాం, మబ్బు సీసా షాపు నుంచి తిరిగొచ్చుద్దని. ఇన్నేళ్లు మబ్బు కనపడగానే కోత వేసిన చెయ్యి కదా, ఇవాళా వేసేసింది.”

“అయితే గదే చేద్దాం. దసరాకు అయితదా?”

“ఇది కలిపి తెచ్చే రుచి కాదండి. కొత్త పీపాలు చేయించి, కాల్పించి, పోసి, కదపకుండా కొన్నేళ్లు ఆగాలి. ఆగినా ఇట్లా వస్తుందని మాటివ్వలేను.”

“నాకు దసరాకు కావాలె సార్.”

“అయితే నా వల్ల కాదండి.”

ఓనరు లేచి, తన సీసా చంకలో పెట్టుకొని వెళ్లిపోయాడు. కోపంగా కాదు, అలసిపోయినట్టు. ఆ రెండేళ్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అందరూ భోజనానికి వెళ్లాక సార్, నేను మిగిలాం. తిడతారని ఎదురు చూశాను. తిడితే నేనూ నాలుగు అనొచ్చు, తేలికవుతుంది. ఆయన తిట్టలేదు.

“సార్, నేను నోరు మూసుకొని ఉంటే...”

“ఉంటే ఏమయ్యేది? మనదాన్నే రెండేళ్లు నకలు చేసేవాణ్ణి. మార్కులు వేసింది నేనమ్మాయ్. నువ్వు చదివావంతే.” మబ్బు గ్లాసు చేతిలోకి తీసుకున్నారు. “అది సరే. దీన్ని ఇవాళ ఎవరం సరిగ్గా రుచి చూడలేదు. తప్పులు పట్టి పక్కన పెట్టేశాం. కూర్చో. ఆ షీటు వద్దు. ఇందులో ఏం తప్పు ఉందో కాదు, ఏం ఉందో చెప్పు.”

కూర్చున్నాను. ఇద్దరం ఇంకా కోట్లు వేసుకోలేదు. ఆయన ముందు వాసన చూసి గ్లాసు నాకిచ్చారు.

“మాడబోయే బెల్లం” అన్నాను.

“మాడబోయే కాదు. మాడింది. కొంచెం.”

“మాడలే సార్. మాడితే చేదు రావాలె. చేదు లేదు.”

ఆయన గ్లాసు వెనక్కి తీసుకొని మళ్లీ చూశారు. ఈసారి చాలాసేపు. క్యాంటీన్ నుంచి పప్పు తాలింపు వాసన వస్తుంటే లేచి తలుపు మూసి వచ్చారు.

“చేదుంది” అన్నారు.

“లేదు సార్.”

“ఉంది. చివర్న ఉంది. ఆగి చూడు, అప్పుడు వాదించు.”